జ్యోతి కోసం వచ్చిన మెసేజ్

జర దగ్గరికి జరిగి కూర్చోండి. నా గొంతు పెద్దది కాదు, ఈ మాట గట్టిగా చెప్పుకునేదీ కాదు. మొన్న జనగామలో మా బిడ్డ ఇంట్లో ఉల్లిగడ్డలు కోస్తూ కూర్చున్నాను. పక్కన మా బిడ్డ ఫోను చూస్తోంది. పొద్దుటి దండాలు, దేవుడి బొమ్మలు, ఎవరెవరో పంపిన వీడియోలు. చూసినన్ని చూసి బొటనవేలితో ఒక్క రాపు రాసింది, అన్నీ పోయాయి. ఏం చేశావే అంటే, ఫోను నిండింది, డిలీట్ కొట్టిన అంది. ఆ మాట పూర్తికాకముందే ఫోను టింగుటింగుమని రెండుసార్లు మోగింది. నా చేతిలో ఉల్లిగడ్డ చేతిలోనే ఉండిపోయింది. కళ్లు తుడుచుకుంటే మా బిడ్డ ఉల్లిగడ్డ ఘాటు అనుకుంది. అనుకోనీ అని ఊరుకున్నాను. మీకు మాత్రం జ్యోతి గురించి చెప్పాలి.

అప్పుడు మేము మహబూబాబాద్‌లో ఉండేవాళ్లం. పేరు కాగితాల మీదనే, మా నోట్లో అది మానుకోటే. తెలంగాణ కావాలని ఊళ్లకు ఊళ్లు లేచిన రోజులు. ఒకనాడు బంద్, ఒకనాడు రాస్తారోకో, ఇంకొకనాడు నడిరోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి వంటావార్పు. మా ఆయన మిర్చి యార్డులో కాంటా పెట్టేవాడు. మా ముందర గదిలోకి జ్యోతి కిరాయికి వచ్చింది. నెల్లికుదురు దగ్గర ఒక తండా పిల్ల, డిగ్రీ ఆఖరి ఏడు. లంబాడి పిల్లకు గది ఇచ్చారా అని వాడలో ఒకరిద్దరు మూతి తిప్పారు. వాళ్లను అనడమెందుకు, మొదటి నెల నేనూ ఆ పిల్లకు నీళ్లు వేరే గ్లాసులో ఇచ్చాను. ఆమెకు తెలుసు. తాగి గ్లాసు కడిగి బోర్లించేది. ఒకరోజు నేనే ఆ గ్లాసు తీసి అటుక మీద పారేశాను.

కాలేజీ నుంచి రాగానే ఆ రోజు ముచ్చట్లన్నీ చెప్పేది. వాళ్ల కాలేజీలో కంప్యూటర్లున్న గదిలోకి చెప్పులు విప్పి పోవాలట. ఒక్కో కంప్యూటర్‌కు నలుగురు పిల్లలు, ఒకరు నొక్కితే ముగ్గురు చూడాలి. తన వంతు వచ్చేసరికి కరెంటు పోయేదట. ఈ బాధ పడలేక ఒక అట్టముక్క మీద పెన్నుతో గళ్లు గీసుకుంది, కంప్యూటర్ మీద అక్షరాలు ఎట్లా ఉంటాయో అట్లాగే. గడప మీద కూర్చుని దాని మీద పది వేళ్లూ ఆడించేది. నేను నాలుగో తరగతితో బడి మానినదాన్ని, తెలుగే కూడబలుక్కుని చదివేదాన్ని. ఇంగ్లీషు అక్షరం ఒక్కటీ రాదు. బియ్యం ఏరుకుంటూ పక్కన కూర్చుని ఇదేంది, అదేంది అని అడుగుతూ అడుగుతూ ఆ అట్టముక్క మీదనే ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్నాను. అందుకే నా అక్షరాలు ఈనాటికీ క్యూతో మొదలై ఎమ్‌తో ఆగుతాయి. మా ఆయన పడి పడి నవ్వాడు.

"లోకమంత ఏబీసీడీ అంటది, నీది క్యూ కాడ మొదలయిందేందే?"

"ఫోన్ల మెసేజులు సదువుడుకు ఏ వరుసైతేంది బావా. నువ్వైతే ఏబీసీడీ అనుకుంటనే రోజూ ఫోను అక్కకిచ్చి పోతవు," అంది జ్యోతి.

నిజమే. మా ఇంట్లో ఒక్కటే ఫోను, చిన్న గుండీలది, గోడ మొలకు గుడ్డసంచిలో వేలాడేది. ఆయన యార్డుకు పోతే అది నా దగ్గరనే. ఆ రోజుల్లో దాని నిండా ఉద్యమం మెసేజులు. మాటలు మనవి, అక్షరాలు ఇంగ్లీషువి. ఒక పొద్దున నేనొక్కదాన్నే కూర్చుని, గళ్లన్నీ మనసులో వెతుక్కుంటూ చదివాను. రేపు బంద్, అందరూ రావాలి. అంతే, నాలుగు మాటలు. అవి చదివే లోపల పొయ్యి మీద పాలు పొంగి పోయాయి. జ్యోతి వచ్చాక చెబితే నా రెండు చేతులూ పట్టుకుని ఇంట్లో గిరగిర తిప్పింది. ఇక అక్కడి నుంచి నల్లా దగ్గర నేనే వార్తలు. ఎక్కడ ధర్నా, ఏ రోజు బస్సులు బంద్, వంటావార్పుకు ఎవరి ఇంటి నుంచి పప్పు, ఎవరి ఇంటి నుంచి బియ్యం. ఆడవాళ్లు నాకు రేడియోఅమ్మ అని పేరు పెట్టారు. ఎగతాళికే పెట్టారు గాని, నాకు మెడలో దండ వేసినట్టుండేది.

ఇక్కడే నా తప్పు మొదలైంది. మా అమ్మగారింట్లో కాలికి కాగితం తగిలితే కళ్లకద్దుకునేవాళ్లం. చిత్తు కాగితం కూడా పొయ్యిలో వేయనిచ్చేది కాదు మా అవ్వ. అక్షరమంటే సరస్వతి. అట్లాంటిదాన్ని, ఒక్కొక్క అక్షరం ఏరుకుని చదివిన మెసేజును చేతులారా ఎట్లా చెరపను? ఒక్కటీ చెరపలేదు. ఆ ఫోనులో ఇన్నే పడతాయని ఒక లెక్క. నిండితే పైన చిన్న కవరు బొమ్మ మిణుకుమిణుకుమంటుంది. జ్యోతి ఒకసారి చూసి, పాతయి తీసెయ్యి అక్కా, లేకుంటే కొత్తయి రావు అని, ఎట్లా తీయాలో చూపించింది. సరే బిడ్డా అన్నాను. ఆమె అటు పోగానే మళ్లీ సంచిలో పెట్టేశాను. ఇంటి నిండా చుట్టాలున్నంత మాత్రాన పోస్టుమాన్ ఉత్తరం ఇవ్వకుండా తిరిగిపోతాడా అని నా లెక్క.

డిగ్రీ అయ్యాక టీచర్ కావాలని బీఎడ్ పరీక్ష రాసింది. మంచి ర్యాంకే వచ్చింది. కాగితాల్లో ఫోను నంబరు రాయాల్సి వస్తే, తనకు ఫోను లేదు కనుక మా నంబరే రాసింది. ఏ కాలేజీ కావాలో కంప్యూటర్‌లో పెట్టుకోవాలట. దానికి పాస్‌వర్డ్, తారీకు రెండూ మెసేజ్‌లో వస్తాయట. బంద్‌ల వల్ల తారీకులు ముందుకూ వెనక్కూ జరుగుతున్నాయి. ఆ నడుమ వాళ్ల బాపు వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు, గడప దగ్గరే కూర్చుని చాయ్ తాగి, కప్పు కింద పెట్టి మెల్లగా అన్నాడు:

"ఈ ఒక్కపాలి జూస్తనమ్మా. సీటొస్తే సదువుకుంటది, నేను అడ్డంబడ. రాకుంటే భూపాలపల్లి పిలగానికి మాటిచ్చిన."

నాట్లు మొదలైతే జ్యోతి ఇంటికి పోయింది, కూలికి మనుషులు దొరకక. తండాలో ఫోను పలకదు. మెసేజ్ రాగానే నెల్లికుదురు బస్టాండులో కిరాణం దుకాణానికి ఫోను చేస్తే, అక్కడి నుంచి ఎవరో ఒకరు కబురు తెస్తారని చెప్పింది. పోతూ పోతూ, ఫోను నీ చేతుల్నే ఉంచుకో అక్కా అని రెండుసార్లు అంది. ఉంచుకున్నాను. కడుపులో పెట్టుకున్నట్టు చూశాను. పైన కవరు బొమ్మ ఎగిరెగిరి పడుతూనే ఉంది. చెరపమని అడుగుతోంది, అడగనీ అనుకున్నాను.

పదకొండో రోజు పొద్దున ఆగలేక తనే వచ్చింది. కాళ్లకు మడి బురద ఇంకా పోలేదు. రాలేదా అక్కా అంది. రాలేదు బిడ్డా అన్నాను, అది అబద్ధం కాదు. నెట్ సెంటర్‌లో అడిగొస్తానని అట్లాగే పోయింది. ఆమె వాకిలి దాటగానే, పాతయి తీయకుంటే కొత్తయి రావన్న ఆమె మాట గుర్తొచ్చింది. ఫోను తీసి అన్నిటికంటే పాత మెసేజ్ ఒకటి చెరిపాను. టింగుటింగుమంది. ఇంకోటి చెరిపాను. మళ్లీ మోగింది. ఆ రెండోది జ్యోతిది. పాస్‌వర్డ్ ఉంది, ఆఖరు తారీకు ఉంది. ఆ తారీకు మొన్ననే అయిపోయింది. అంతా ఇంగ్లీషే, అయినా ఆమె పేరు, పాస్‌వర్డ్ అన్న మాట, తారీకు కూడబలుక్కుని చదవగలిగాను, ఆమె నేర్పింది కదా. అంతలో వాకిట్లో చెప్పుల చప్పుడు. నా బొటనవేలు నా మాట వినలేదు. ఏనాడూ అక్షరం చెరపనిదాన్ని, ఆ మెసేజ్ చెరిపేశాను.

జ్యోతి వచ్చి గోడకానుకుని కూర్చుంది. గడువు అయిపోయిందట. రెండో విడత అని ఇంకొకటి ఉంటుందట. "కనీసం పాస్‌వర్డ్ చేతులున్నా దాంట్ల పెట్టుకునేదాన్ని అక్కా," అంది. వచ్చింది బిడ్డా, నేను చెరిపిన అంటే, ఆ మాట పట్టుకుని వరంగల్‌లో సీట్లిచ్చే ఆఫీసుకు పోయి ఎవరి కాళ్లైనా పట్టుకునేదేమో. నేను అనలేదు. నా ముఖం చూసి తిరిగి తనే నన్ను ఓదార్చింది. "నువ్వేం జేస్తవక్కా. ఈ బంద్‌లల్ల టవర్లు గూడ పంజెయ్యలేదట. ఎందరికి రాలేదో." ఆ పూట నేను చేసిన ఉప్మా తిని, నా గిన్నె కూడా తనే కడిగింది.

రెండో విడత కూడా చేజారింది. ఆ మీద వచ్చిన ఎండాకాలం పెళ్లయి భూపాలపల్లి పోయింది. పిల్లవాడు మంచివాడే, బొగ్గుబాయి దగ్గర లారీ నడుపుతాడు. తెలంగాణ వచ్చింది, మానుకోట జిల్లా అయింది, భూపాలపల్లి జిల్లా అయింది. జిల్లాలయినంక ఒకసారి భూపాలపల్లిలో చుట్టాల పెళ్లికి పోతే, వెతుక్కుంటూ వాళ్లింటికి పోయాను. దారి పొడుగునా ఏం చెప్పాలో అనుకుంటూనే పోయాను. జ్యోతి కుట్టుమిషను మీద ఉంది. లేచి వచ్చి చేతులు పట్టుకుంది, బిడ్డను పిలిచి ఎదురుగా నిలబెట్టింది.

"గీ పెద్దమ్మకు నేనే ఇంగ్లీషు సదువుడు నేర్పిన. టీచర్‌నైతే ఎందరు పిల్లలొస్తుండెనో గని, నాకు ఒక్కతే పిల్ల, గీమెనే."

నవ్వుతూనే అంది. చాయ్ తాగాను, ఆ పిల్లను ముద్దాడాను, బస్సెక్కాను.

ఇప్పుడు నేను పేపరు చదువుతాను, దవాఖాన చీటీ చదువుతాను, బస్సు బోర్డు చదివి పక్కవాళ్లకూ చెబుతాను. చదివిన ప్రతిసారీ ఒక క్లాసు గదిలో ఉండాల్సిన మనిషి నా ఒక్కదాని దగ్గరే ఆగిపోయిందని గుర్తొస్తుంది. ఆమె ఇచ్చిన చదువు నా దగ్గర ఉంది, ఆమెకు రావలసిన చదువును నేనే ఆపాను. అందుకే ముఖాన చెప్పలేనిది మీకు చెప్పి ఇట్లా రాయిస్తున్నాను. ఆమె కంటపడితే, తిట్టినా సరే, చదువుకోనీ.

విన్నారు కదా, సల్లగ ఉండండి. మీ గడపకు ఎవరి కోసం వచ్చిన కబురు వాళ్లకు ఆ పూటే అందాలి. మీ ఇంట్లో తప్పు చేసినవాళ్లకు ఆ సాయంత్రమే చెప్పే ధైర్యం, విన్నవాళ్లకు ఓర్చుకునే మనసు ఆ దేవుడు ఇవ్వాలి.