ఆది జాకెట్టుతో వచ్చిన ఇద్దరు

మా టైలరత్త పోయింది. మొన్న శుక్రవారం పొద్దున కుట్టు మిషను మీదే తల వాల్చేసింది. ఆసుపత్రి కాగితంలో ఫిట్స్ అని ఉంది. ఆ ఫిట్స్ ఎన్నికల తర్వాత ఆమె కణతకు తగిలిన రాయి వల్ల వచ్చాయని మా ఊళ్ళో అందరికీ తెలుసు. రాయి విసిరిన చెయ్యి వేరేవాడిది. వాణ్ణి అక్కడికి తీసుకెళ్ళిన మాట నాది. అందుకే ఈ నాలుగు ముక్కలు నేనే రాయాలి.

రొంపిచెర్ల పక్కన మాదొక ఊరు. రెండు వీధులు, రెండు పార్టీలు. పోలింగ్ నాడు మొదలైన కొట్లాట వారాలు గడిచినా ఆగలేదు. బైకులు తగలబడ్డాయి, తలలు పగిలాయి, ఒకడి చెయ్యి మోచేతి దగ్గర వేలాడటం కళ్ళారా చూశాను. టీకొట్లు కూడా ఎవరివి వాళ్ళవే. ఆడవాళ్ళకు మాత్రం ఒక వెసులుబాటు ఉండేది. చేతిలో ఆది జాకెట్టు, అదే, కొలతకు ఇచ్చే పాత జాకెట్టు ఉంటే ఏ వీధిలోనైనా నడిచిపోవచ్చు. కర్ర పట్టుకున్నవాడు కూడా పక్కకు తప్పుకొనేవాడు. రెండు వీధులకూ టైలరు, మా వీధిలో ఉండే అత్త ఒక్కతే మరి.

మధ్యాహ్నం మూడయ్యేసరికి అవతలి వీధి నుంచి ఇద్దరు, మా వీధి నుంచి నలుగురు ఆమె వరండాలో చేరేవారు. ఇళ్ళల్లో టీవీలను మగవాళ్ళు వార్తలకోసం పట్టుకు కూర్చునేవారు. అందుకని అత్త ఫోనులో కొరియా సీరియల్, తెలుగు డబ్బింగుది, ఆరు తలలు ఆనించి చూసేవారు. ఒక రాజు, విషం పెట్టే మంత్రి, వంటశాలలో పనిచేసే పిల్ల.

“ఏమే, మంత్రిగాడు మళ్ళీ విషం కలిపాడా?”

“కలపడా మరి! మొహం చూడు, అచ్చం మీ వీధోడే.”

“మావోడు కాదులే. మా వోళ్ళకి అంత ఓపిక యాడిదమ్మా, పెట్రోలు సీసా ఇసిరేస్తారు గానీ!”

పగలబడి నవ్వేవారు. అత్త మిషను ఆపకుండానే, “పార్టీ మాటెత్తితే జడ కత్తిరిస్తా. కతలోకి రండి” అనేది. కళ్ళు తుడుచుకుంటే వేళ్ళకున్న మార్కింగు సుద్ద చెంపలకంటేది. కుట్టిన జాకెట్టును రెండు చేతులతో, కాస్త వంగి ఇవ్వడం ఆ సీరియళ్ళు చూసే నేర్చుకుంది. బడికి వేసుకెళ్ళిన నా నిక్కర్లన్నీ ఆమె కుట్టినవే.

అయినా నాకు ఒళ్ళు మండేది. కరపత్రాలు చదివి పెంచుకున్న కోపం. ఒకరోజు అడిగేశాను. “అత్తా, పక్కన ఇళ్ళు తగలబడతంటే దేశంగాని దేశం రాజు కోసం ఏడుస్తారేంది? ఇది మత్తుమందు.”

నా చేతిలోని కరపత్రం తీసుకొని, కళ్ళజోడు సర్దుకొని, రెండువైపులా చదివింది. “చానా బాగుందిరా. గానీ దీంట్లో ఒక్క మనిషికీ పేరు లేదేంది? అందరూ ప్రజలే. మా దాంట్లో గిన్నెలు తోమేదానిక్కూడా పేరుంది.”

కాగితం లాక్కొని వచ్చేశాను. ఇంకా మండింది.

అవతలి వీధి ఇద్దరూ వారం నుంచి అవే పాత జాకెట్లు తెస్తున్నారు, మళ్ళీ పట్టుకుపోతున్నారు. అది నేను కనిపెట్టాను. టీకొట్టు దగ్గర గొంతు పెంచి అన్నాను: “వాళ్ళు కుట్టించుకోడానికి రావట్లా. మన గుట్టు మోసుకుపోడానికొస్తన్నారు.” రుజువేదని ఒక్కడూ అడగలేదు. మర్నాడు మూడింటికి ఇరవైమందిమి కర్రలతో వెళ్ళాం. ముందు వరసలో నేనున్నాను.

వాళ్ళను లోపలికి తోసి అత్త గుమ్మానికి అడ్డం నిలబడింది. “ఏందిరా ఇది? సీరియల్ చూసుకుంటన్నారు వాళ్ళు. ఒరేయ్, నువ్వైనా చెప్పరా” అని నన్నే చూసింది. నేను నోరు తెరవలేదు. వెనకనుంచి రాయి వచ్చింది. కణత చిట్లింది. రక్తం మెడలోని టేపు మీదుగా కారింది. పడిపోతూ కూడా తలుపు దగ్గరికి లాగేసింది. లోపల గడియ పడింది. పోలీసు జీపు వచ్చేదాకా తలుపు మీద రాళ్ళు పడుతూనే ఉన్నాయి. లోపల ఫోనులో ఎవరో ఏడుస్తూనే ఉన్నారు.

నరసరావుపేట ఆసుపత్రిలో పోలీసులు అడిగితే, “కళ్ళజోడు లేదు సార్, ఎవురూ కనపళ్ళా” అంది. వాళ్ళు వెళ్ళాక, “నా పేరు చెప్పత్తా” అన్నాను.

“చెప్తే జైలుకి పోయి పెద్ద నాయకుడివైపోతావు. చెప్పను. అన్న మాట అన్నచోటే ఎనక్కి తీసుకో. నీకు అదే కష్టం.”

నిజమే, కష్టమే. ఏడాది దాటినా తీసుకోలేకపోయాను. ఆ ఇద్దరూ మళ్ళీ మా వీధిలో అడుగుపెట్టలేదు. అత్త ఫిట్స్ మాత్రలు మింగుతూ, మిషను తొక్కుతూ, వాళ్ళకు సీరియల్ కథంతా ఫోనులో చెప్పేది.

శుక్రవారం ఆమెను వరండాలో పడుకోబెట్టారు. అవతలి వీధివాళ్ళు కడచూపుకని వస్తే కాళ్ళు విరగ్గొడతామని మావాళ్ళు కర్రలతో నిలబడ్డారు. నేను టీకొట్టుకు వెళ్ళాను. “ఆ రోజు నేనన్నది అబద్ధం. వాళ్ళు కత కోసమే వచ్చేవోళ్ళు. అత్తని చంపింది నా నోరే” అన్నాను.

“ఏడాదికి గుర్తొచ్చిందేందిరా! మమ్మల్నందర్నీ కేసులో ఇరికిస్తావా?” అని ఒకడు చెంప పగలగొట్టాడు. పెదవి చిట్లింది. ఇంకొకడు వీపు మీద కర్రతో వేశాడు. తిరిగి కొట్టలేదు. రక్తం మింగుతూ అవతలి వీధిలోకి నడిచి, ఆ ఇద్దరి గుమ్మం ముందు నిలబడ్డాను. “రండి పిన్నీ. ముందు నేను నడుస్తా. దెబ్బ పడితే నా మీద పడుద్ది.”

ఇద్దరిని పిలిస్తే ఆ వీధి ఆడవాళ్ళంతా కదిలారు. మావాళ్ళు కర్రలెత్తారు. ఎవరూ ఆగలేదు. ఒక్కొక్కరే చెప్పులు విడిచి లోపలికి వెళ్ళారు. గుమ్మం ముందు చోటు చాలక చెప్పులు వీధిలోకి పరుచుకున్నాయి. కర్రలు పట్టుకున్నవాళ్ళు వాటిని తొక్కకుండా అడుగు వెనక అడుగు వేసుకుంటూ, ఎదురింటి గోడకు వీపులు ఆనించి నిలబడిపోయారు.