వృత్తి: వేట

శ్రీకాకుళం జిల్లా తీరంలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రికి నన్ను జనన మరణాల నమోదు అధికారిగా వేసి ఇప్పటికి పదేళ్ళు దాటింది. అది తుపానుల కాలం. బిడ్డ పుట్టినప్పుడు నింపే ఫారంలో రెండు భాగాలుంటాయి. పేర్లున్న భాగం నుంచి సర్టిఫికెట్ తయారవుతుంది. తల్లిదండ్రుల చదువు, వృత్తి ఉన్న భాగం లెక్కల కోసం పైకి పోతుంది. సర్టిఫికెట్ మీద కనిపించదు కదా అని ఆ గడిలో మావాళ్ళు తోచింది రాసేవారు. తండ్రులు సగం మంది కూలీలు, తల్లులందరూ గృహిణులు! చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఒక ఉదయం కంప్యూటర్ దగ్గర గొడవ విని వెళ్ళాను. ఆపరేటర్ సుజాత అనంతపురం పిల్ల, ఈ ఊరికి కోడలిగా వచ్చింది. ఆమె ఎదురుగా నూకాలు అనే బాలింత, చేతుల్లో బిడ్డ. పక్కన నూకాలు అత్త.

మీ ఆయన ఏం పని చేస్తాడని సుజాత అడుగుతోంది. "ఏట" అంటోంది నూకాలు. ఇక్కడివాళ్ళు "ఏమిటి" అనడానికి "ఏటి" అంటారు. తన ప్రశ్న వినబడలేదనుకుని సుజాత ఇంకా గట్టిగా అడుగుతోంది.

"ఏటే అంతన్నాను కదమ్మా! సెవుడా నీకు?"

వేట. సముద్రం మీద చేపల వేట. నేను చెప్పాక సుజాత నాలిక కరుచుకుంది.

అప్పుడు అత్త మెల్లగా అంది: "పడవ బోల్తా పడిపోయి నెల దాటిపోనాది. మావోడు మరి రాడు బాబూ."

సుజాత తండ్రి పేరు ముందు "లేట్" అని కొట్టి, వృత్తి గడి ఖాళీగా వదిలేసింది. నూకాలు బిడ్డను గుండెకు అదుముకుంది.

"శవాన్ని సూసినారేటి మీరు? ఆ ముక్క రాసినారంటే మాపటికి మావోల్లు నా గాజులు తీయించేస్తారు. మా ఆయన ఏటకెల్తాడు. అదే రాయండి."

ఆ తరువాత నేను చేసింది జాలిపడి కాదు. మరణం నమోదు కాని మనిషిని మేం చంపకూడదు, ఊరంతా వచ్చి చెప్పినా సరే. ఆచూకీ లేనివాడి విషయంలో ఏడేళ్ళు ఆగాలి, ఆపైన కోర్టు చెప్పాలి. "లేట్" తీయించి, వృత్తి గడిలో చేపల వేట అని రాయించాను. అత్త నన్ను తిట్టుకుంటూ బయటికి నడిచింది. నూకాలు గాజుల చేతులతో బిడ్డను ఎత్తుకుని ఆవిడ వెనకాలే వెళ్ళింది.

బదిలీల మీద తిరిగి తిరిగి, పదవీ విరమణకు ముందు మళ్ళీ అదే కుర్చీకి వచ్చాను. ఒకరోజు కోర్టు ఉత్తర్వు పట్టుకుని నూకాలు వచ్చింది. చేతులు బోసిగా ఉన్నాయి. మరణాల ఫారంలోనూ వృత్తి గడి ఉంటుంది. ఈసారి నేనే అడిగాను.

ఉత్తర్వు కాగితం బల్ల మీద పెట్టింది. తరువాత, "ఏటకెల్లేవోడు బాబూ," అంది.

ఆ గడిలోనూ చేపల వేట అనే రాశాను. ఏ పని అన్నది ఇంటివాళ్ళు చెప్పినట్టే రాయాలి. "ఏటకెల్తాడు" అన్నదాన్ని "ఏటకెల్లేవోడు"గా మార్చే హక్కు రాసేవాడికి లేదు; మార్చాల్సింది నూకాలే.