ఆ ఇద్దరూ చూడని చిరుత

రెండేళ్ల కిందటి వేసవి సెలవుల మాట. కెనడాలో, మిల్టన్‌లోని ఒక చిన్న ట్రావెల్ ఆఫీసులో నేను టూర్ లీడర్‌ని. టికెట్లు తీసివ్వడంతో నా పని అయిపోదు. టొరంటోలో విమానం ఎక్కిన దగ్గర్నుంచి మళ్లీ అక్కడ దిగేదాకా ఆ కుటుంబం వెంట ఉండాలి. పిల్లలతో ఆఫ్రికా సఫారీ అంటే మా ఆఫీసులో నాకే అప్పగిస్తారు.

ఆ ఏడాది నాతో దక్షిణాఫ్రికా వచ్చినవాళ్లు రవికాంత్, సుధ దంపతులు. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. కూతురు మేఘనకు తొమ్మిదేళ్లు, కొడుకు ఆరవ్‌కు ఆరు. బుకింగ్‌కు వచ్చినరోజు, "పిల్లలు జన్మలో మర్చిపోకూడదక్కా ఈ ట్రిప్" అన్నాడు రవికాంత్. మామూలుగా అందరూ అనేదే కదా అనుకున్నాను.

అడవిలో పొద్దున్నే జీపులో జంతువులను చూడటానికి వెళ్లడాన్ని గేమ్ డ్రైవ్ అంటారు. డ్రైవర్ కాక ట్రాకర్ అని ఇంకొకరు ఉంటారు. జీపు ముందు సీట్లో కూర్చుని, నేలమీది అడుగుజాడలను చూసి జంతువు ఎటు వెళ్లిందో చెప్పడం ఆయన పని. మా ట్రాకర్ పేరు తాబో. ఒకరోజు ఇసుకదారిలో జీపు ఆపించి, చుట్టూ చూసుకుని, పిల్లలిద్దరినీ చేయి పట్టుకుని దించాడు.

మేఘన మోకాళ్లమీద కూర్చుని ఒక జాడ పక్కన అరచేయి ఆనించింది. నాలుగు వేళ్లు, వెనక మెత్త. "నో నెయిల్స్! అంటే క్యాట్ ఫ్యామిలీ, కదా ఆంటీ?" అంది నాతో. నిజమే. పిల్లిజాతి జంతువులు నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటాయి. తాబో సంతోషంగా తల ఊపాడు. మళ్లీ జీపెక్కి ఆ జాడల వెంటే మెల్లగా వెళ్తే, ఒక చెట్టుకొమ్మ మీద చిరుత. దాని తోక కిందికి వేలాడుతోంది.

"డాడీ, లుక్!" అని మేఘన గుసగుసగా పిలిచింది. రవికాంత్ ఫోను ఆ పిల్ల ముఖం మీదే ఉంది.

"ఇటు తిరుగు తల్లీ. డాడీతో వచ్చావు కదా, హ్యాపీగా ఉందా? చెప్పు."

మా వేసవి అక్కడ చలికాలం. వెనక సీట్లో సుధ కూడా ఒక చేత్తో ఆరవ్ జాకెట్ జిప్పు పెడుతూ, ఇంకో చేత్తో వీడియో తీస్తోంది. "అమ్మ వేసిన జాకెట్ వెచ్చగా ఉందా నాన్నా?"

అలికిడికి చిరుత దిగి పొదల్లోకి పోయింది. మేఘన నా వైపు జరిగి, "దే డిడిన్ట్ ఈవెన్ లుక్, ఆంటీ" అంది. ఈ రోజుల్లో అందరికీ ఉండే ఫోను పిచ్చే అనుకుని, ఆ పిల్ల భుజం తట్టాను.

చలికాలం మొదట్లో రవికాంత్ ఒక్కడే ఆఫీసుకు వచ్చాడు.

"అక్కా, అక్కడ పిల్లల్ని ఎవరు బాగా చూసుకున్నారో మీరు చూశారుగా. ఒక స్టేట్‌మెంట్ రాసివ్వాలి. మేం విడిపోతున్నాం, పిల్లల కస్టడీ కేసు."

"ఎప్పట్నుంచి?"

"టికెట్లు బుక్ చేసేముందే డిసైడ్ అయ్యాం. అందుకే కదా అన్ని వీడియోలు తీసింది. ఆవిడా తీసింది, మీరు చూడలేదా?"

కొన్నాళ్లకు సుధ ఫోన్ చేసి అదే అడిగింది. ఇద్దరికీ ఒకటే చెప్పాను. "రాస్తే జరిగిందే రాస్తాను. చిరుత కనబడ్డప్పుడు మీరిద్దరూ పిల్లలు చూపించిన వైపు చూడలేదని." రవికాంత్ లేచి వెళ్లిపోయాడు. సుధ, "మీరు కూడా ఆయన సైడే" అని ఫోన్ పెట్టేసింది.

మరుసటి వసంతంలో ఇండియన్ స్టోర్‌లో మేఘన కనిపించింది. సుధ బిల్లింగ్ దగ్గర ఉంది, నన్ను చూసి ముఖం తిప్పుకుంది. ఆ పిల్ల మాత్రం నా దగ్గరికి వచ్చి, తనకు వచ్చిన తెలుగులో నెమ్మదిగా చెప్పింది. కోర్టు తరఫున ఒకావిడ వచ్చి, ట్రిప్‌లో నిన్నెవరు చూసుకున్నారని అడిగిందట.

"ఏం చెప్పావమ్మా?"

"తాబో అని చెప్పాను. అమ్మ ఏడ్చింది. డాడీకి కోపం వచ్చింది. ఈజ్ ఇట్ మై ఫాల్ట్, ఆంటీ?"

కాదని గట్టిగా చెప్పాను. నమ్మినట్టు అనిపించలేదు. సుధ పిలవగానే వెళ్లిపోయింది.

ఈ ఉద్యోగంలో కుటుంబాలను చూసి మురిసిపోయే అలవాటు నాకు అప్పటితో పోయింది. పిల్లలను అంత దూరం సాక్షులుగా తీసుకెళ్లేవాళ్లు కూడా ఉంటారని తెలిసింది. ఇప్పుడు జీపు ఎక్కాక నేను పెద్దవాళ్లకు ఏమీ చూపించను. పిల్లల పక్కన కూర్చుంటాను. వాళ్లు వేలు చూపించిన వైపు చూసేవాళ్లు ఒక్కరైనా ఉండాలి కదా.