బోరుబండి వీడియోలో కాళ్లు

ఆ రోజుల్లో నేను 'మళ్లొక్కసారి' అనే ఒక్క మాట మీద బతికేవాణ్ణి. కరీంనగర్‌లో ఒక ఇరుకు గది, ఒక సెకండ్ హ్యాండ్ కెమెరా, బోలెడంత ధీమా, ఇవీ నా ఆస్తులు. పెళ్లిళ్లు తీసేవాణ్ణి. పెళ్లి వీడియోలో ఉన్న సుఖం ఏమిటంటే, ఏది తప్పిపోయినా మళ్లీ చేయించవచ్చు. పుస్తె కట్టేసిన పెళ్లికొడుకును "అన్నా, మళ్లొక్కసారి చెయ్యి అట్ల వెట్టు" అంటే పాపం పెట్టేవాడు. (ఒకసారి అప్పగింతల్లో పెళ్లికూతురి తల్లిని మళ్లీ ఏడవమన్నాను. ఆమె ఏడ్చింది కూడా. ఆ పాపం నన్నింకా వదల్లేదు.) జనం నా పేరు మరిచిపోయి 'మళ్లొక్కసారి పిలగాడు' అనేవారు. నేను దాన్ని బిరుదు అనుకునేవాణ్ణి.

మస్కట్‌లో ఉన్న మా బావ మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా "మూఢాలొస్తె పెండ్లిళ్లు బందు. అప్పుడేం దింటవ్‌రా? ఈడ గోదాముల పనున్నది, నెల రోజులల్ల వీసా పంపిస్త, వచ్చెయ్యి" అనేవాడు. నాకు పోవాలని లేదు, కన్నకొడుకును పంపాలని మా అవ్వకు లేదు, కాని ఇద్దరం 'సూద్దాం' అని ఫోన్ పెట్టేసేవాళ్లం. అప్పుడు దొరికాడు బండి అన్న. సుల్తానాబాద్‌లో పొలాలకు బోర్లు వేసే బోరుబండి ఓనరు. వాళ్ల మరదలి పెళ్లి నేనే తీశాను. "వీడియో మంచిగున్నది తమ్మీ. నా బండికి గూడ గసొంటిదే ఒకటి దియ్యి, వాట్సాప్‌ల వెడ్త. నచ్చితె ఏడాదంత నా పనులన్నీ నీకే" అన్నాడు. ఈ మాట అవ్వకు చెప్తే ఆమె దేవునికి దండం పెట్టుకుని, "సక్కగ దియ్యి కొడుకా. మీ బావకు నేన్ జెప్త" అంది. అలా నేను ఊళ్లో ఉండాలా, మస్కట్ గోదాములో ఉండాలా అన్నది ఒక బోరుబండి చేతిలో పడింది.

సుల్తానాబాద్ పక్క ఊళ్లో ఒక రైతు కాక పొలంలో షూటింగ్. కాకకు అప్పటికే రెండు బోర్లు ఎండిపోయాయి, ఇది మూడోది. నేను అలవాటు కొద్దీ బండికి బంతిపూల దండలు వేయించి, బండి అన్నకు కూలింగ్ గ్లాసులు పెట్టించి, "అన్నా, చెయ్యి బండి మీద వెయ్యి. కొంచెం సిగ్గుపడు" అన్నాను. కొబ్బరికాయ కూడా రెండోసారి కొట్టించాను. కాని వీటన్నిటికంటే ముందే, పొలంలో అడుగుపెట్టి కెమెరా బెల్టు మెడలో వేసుకుంటుంటే, నా బొటనవేలు రికార్డింగ్ మీటను ఒక్కసారి ఊరికే నొక్కేసింది. ఎండలో తెర మీది ఎర్ర చుక్క కనబడదు కదా! ఇక ఆ రోజంతా నాది తిరకాసు కాపురం. ఆన్ చేశాననుకున్నప్పుడు కెమెరా ఆగిపోయేది. ఆపాననుకుని కడుపు మీద వేలాడదీస్తే, నేల చూపులు చూస్తూ చక్కగా తిరిగేది.

పొద్దంతా తెల్లటి దుమ్మే లేచింది. కాక ఆ దుమ్ములోనే నిలబడ్డాడు. వాళ్ల ఇంటామె, మా చిన్నమ్మ వరస, "ఇగ సాలు, ఆపుమనుండ్రి" అంది. బండి అన్న గ్లాసులు తీసేసి, "ఇంకొక్క రాడ్ ఏద్దాం చిన్నమ్మా, జర ఆగు" అన్నాడు. ఆ రాడ్ భూమిలోకి దిగేసరికి దుమ్ము రంగు మారింది, తడిసింది, తర్వాత ఒక్కసారిగా నీళ్లు బండి పైదాకా ఎగిరాయి. కాక పొలంలో చిన్నపిల్లాడయ్యాడు. నేను పక్కన నిలబడి అంతా తీసి, మీట నొక్కి, కెమెరాను మెడలో వదిలేశాను. ఇంత గొప్ప షాట్ జిల్లాలో ఎవడూ తీసి ఉండడనుకున్నాను.

గదికొచ్చి చూస్తే నీళ్లు లేవు. బండి లేదు. బండి అన్న అసలే లేడు. ఉన్నవన్నీ కాళ్లు!

అయినా నేను భయపడలేదు, నా మాట నాకు ఉండనే ఉంది. తెల్లారి ఫోన్ చేస్తే బండి ఉట్నూరు దిక్కు పోయిందన్నారు. సరే, మనుషులైనా ఉన్నారు కదా అని కాక పొలానికి పోయి, "కాకా, మళ్లొక్కసారి నిన్నటి లెక్క సంబురపడుండ్రి" అన్నాను. కాక అంగీ గుండీలన్నీ పెట్టుకుని పాస్‌పోర్టు ఫొటోకు నిలబడ్డట్టు నిలబడ్డాడు. చిన్నమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"నవ్వు కాకా."

"నవ్వుతనే ఉన్న గద బిడ్డా!"

పావుగంట కష్టపడ్డాక కాకే నన్ను ఓదార్చాడు. "నిన్న నీళ్లు వడ్తయో లేదో ఎరుక లేకుండె. ఇయ్యాల ఎరుకే గదా. గంత సంబురం మళ్ల యాడికెల్లి తేవాలె కొడుకా?"

నా మాట పని చేయకపోవడం అదే మొదటిసారి. ఏడుపొచ్చింది. బావ గోదాము కళ్ల ముందు కనిపించింది. వేరే దారి లేక ఆ కాళ్లనే కూర్చాను. దుమ్ములో పగిలిన మడమలు. ఒక్కచోట నిలవలేక అటూ ఇటూ తిరుగుతున్న బండి అన్న బూట్లు. బొటనవేలితో నేల గీస్తున్న మట్టెల కాలు, పైనుంచి "ఇగ సాలు" అన్న గొంతు. వెంటనే బురద, ఆ బురదలో అందరి కాళ్లూ ఎగురుతున్నాయి. వాటి మధ్య ఒక్క కాలికే చెప్పున్న జత ఒకటి అందరికంటే ఎత్తు ఎగురుతోంది. ఎవరివబ్బా అని చూస్తే నావే. నేను ఒక పక్కన పెద్దమనిషిలా నిలబడ్డానని ఒట్టేసి చెప్పేవాణ్ణి.

బండి అన్న వీడియో చూసి, "నా మొఖమేది తమ్మీ?" అన్నాడు. "బూట్లున్నయ్ గదన్నా" అన్నాను, తలుపు వైపు ఒక కాలు ముందే పెట్టుకుని. ఆయన మళ్లీ పెట్టి చూశాడు. మూడోసారి చూస్తూ కళ్లు తుడుచుకున్నాడు. "గా బూట్లు జూడు, ఎట్ల పరేషానైతున్నయో. నాకు గంత భయమైందని నాకే ఎరుక లేదు" అన్నాడు. ఏడాది పనులు నాకే ఇచ్చాడు. మా అవ్వ వీడియో చూసి "మొఖాలు దియ్యరాదా కొడుకా" అంటూనే, బావకు ఫోన్ కలిపింది.

ఇప్పుడు నా దగ్గర డ్రోన్ ఉంది, ఎర్ర లైటు ఎండలో కూడా కనబడే కెమెరాలున్నాయి. నీళ్లు పడితే నాలుగు వైపుల నుంచీ కెమెరాలో పడతాయి, ఒక్క షాటూ తప్పిపోదు. నా చెప్పులు రెండూ శుభ్రంగా గట్టు మీదే ఉంటాయి. అప్పుడప్పుడు ఆ పాత వీడియో పెట్టుకుని, ఒంటి చెప్పుతో ఎగిరే ఆ కాళ్ల దగ్గర ఆపుతాను. వాడికి పని రాదు, కెమెరా ఆన్‌లో ఉందో లేదో కూడా తెలియదు. అయినా వాణ్ణి చూస్తే నవ్వొస్తుంది, ఆ వెంటనే పాత మాట నోటిదాకా వస్తుంది.

తమ్మీ, మళ్లొక్కసారి.