ఉతికిన రుమాలు

మా ఇంట్లో నేను పెట్టిన నియమం ఒకటుండేది. ఎవరికి ఏది కావాలన్నా, ఏది వద్దన్నా కారణం చెప్పాలి. కారణం నిలబడితే మాట నెగ్గుతుంది. పెద్దవాళ్ళు చెప్పారు కాబట్టి, ఆడపిల్ల కాబట్టి, ఎప్పటినుంచో ఉంది కాబట్టి అన్నవి మా ఇంట్లో కారణాలు కావు. చెవులు కుట్టించుకోనని మా అమ్మాయి నాలుగో తరగతిలోనే నాతో వాదించి గెలిచింది. హేతువాద సభల్లో మాట్లాడేటప్పుడు ఆ సంగతి చెప్పి చప్పట్లు కొట్టించుకునేదాన్ని.

ఆరో తరగతిలో దాన్ని జగ్గయ్యపేట బడిలో చేర్పించిన ఏడాది ఆ నియమమే నా కూతుర్ని నాకు దూరం చేసింది.

అంతకు ముందు నందిగామలో ఉండేవాళ్ళం. మా అమ్మది ఆ పక్కనే వీరులపాడు. పొలం పనులు లేనప్పుడల్లా వచ్చి మా దగ్గరే ఉండేది. పిల్లకు జడలు వేయడం, బడి దాకా నడిపించుకు వెళ్ళడం అన్నీ ఆమే. మా ఆయనకు ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికి జగ్గయ్యపేటకు ఇల్లు మారాం. గేదెను వదిలి అంత దూరం వచ్చి ఉండలేనంది అమ్మ. నేనూ బలవంతపెట్టలేదు. నేను చర్చి మానేసిన నాటినుంచీ మా ఇద్దరి మధ్యా దేవుడి తగువు ఉంది. ఆ తగువు లేని ఇంట్లో పిల్ల పెరుగుతుందని లోలోపల సంతోషించాను కూడా.

కొత్త బడి మొదలైన వారానికే, రోజూ పొద్దున బూట్లు వేసుకునే వేళకు దానికి కడుపునొప్పి వచ్చేది.

“ఆదివారం ఎందుకు రాలేదు మరి?” అని అడిగాను.

“తెలీదమ్మా.”

“సాయంత్రం బడి వదలగానే ఎట్లా తగ్గుతోంది?”

“తెలీదు.”

“తెలీదనేది కారణం కాదు. బూట్లు వేసుకో.”

వేసుకుంది. నియమం నియమమే కదా.

కొన్నాళ్ళకు క్లాసు టీచరు నన్ను పిలిపించింది. “మీ పాప రోజంతా బ్యాగులో చెయ్యి పెట్టుకుని కూర్చుంటదండి. పక్క పిల్లలు ‘ఏందే, లోపల పామునేమన్నా పెంచుతున్నావా?’ అని ఏడిపిస్తున్నారు. ఒకసారి చూడండి మేడం” అంది.

ఇంటికొచ్చి బ్యాగు తీశాను. పుస్తకాల అడుగున రెండు మడతలు పెట్టిన ప్లాస్టిక్ కవరు, దానికి రబ్బరు బ్యాండు. విప్పితే మా అమ్మ గళ్ళ రుమాలు.

మా వైపు ప్రార్థన రుమాలు అంటే తెలియనివాళ్ళుండరు. పాస్టరు గారు ప్రార్థన చేసి ఇచ్చిన గుడ్డను జబ్బు మనిషి తలకింద పెడతారు, పరీక్షకు వెళ్ళే పిల్లల సంచిలో పెడతారు. దాన్ని ఎండగడుతూ నేను వ్యాసాలు రాశాను. అలాంటిది నా కూతురి సంచిలోనే దొరికింది! ఒళ్ళు మండిపోయింది.

“ఇందులో ఏం మహిమ ఉందో చెప్పు” అన్నాను. “నీ దగ్గర ఎందుకుండాలో ఒక్క కారణం చెప్పు. నేను ఒప్పుకుంటే నీకే ఇచ్చేస్తాను.”

అది రుమాలు వంక చూసింది, నా వంక చూసింది. పెదవులు కదిలాయి.

“కారణమేం లేదమ్మా” అంది.

దాని కళ్ళ ముందే ఆ రుమాలును సర్ఫులో నానబెట్టాను. బండమీద వేసి బ్రష్షుతో రుద్దాను. తీగ మీద ఆరేస్తూ, “చూశావా, సబ్బుకు పోయే మహిమ ఏం మహిమే?” అని నవ్వాను. అది ఏడవలేదు. ఆరిన తర్వాత తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని ఒక్కసారి పీల్చి, మడిచి నా బట్టల మధ్య పెట్టేసింది. కళ్ళారా చూశాను. చూసి కూడా, వాదన గెలిచాననే అనుకున్నాను. ఆ తర్వాత అది కడుపునొప్పి అనలేదు. తగ్గిందనుకున్నాను.

దసరా సెలవుల్లో అమ్మ వచ్చింది. చెప్పులు విప్పకముందే అందుకున్నాను. “పిల్ల సంచిలో ప్రార్థన గుడ్డలు పెట్టడానికి నువ్వెవరు?”

“ప్రార్థన గుడ్డేందే?”

“గళ్ళ రుమాలు.”

అమ్మ ముందు తెల్లబోయింది, తర్వాత పగలబడి నవ్వింది. “ఓసి నీ తెలివి తెల్లారా! అది నేను ముక్కు తుడుచుకునే గుడ్డే! నా వాసనొస్తదని అదే అడిగి పట్టుకుపోయింది. వాసన పోకుండా కవర్లో పెట్టుకుంటానంది. దేవుడే లేడనేదానివి, ముక్కుగుడ్డలో దేవుడున్నాడని నువ్వొక్కదానివే నమ్మావు కదే!”

తలుపు పక్కన నిలబడి పిల్ల వింటోంది. అమ్మ బొడ్లోంచి ఇంకో రుమాలు తీసి, “దా, ఇది తీసుకో బంగారం” అంది.

“వద్దులే అమ్మమ్మా” అంది పిల్ల. “అమ్మ ఉతికేస్తది.”

నేను ఇప్పటికీ హేతువాదినే. మహిమ గల గుడ్డలు లేవని ఇప్పటికీ రాస్తాను. కానీ ఆ రోజు నేను వాదించింది నా కూతురితో కాదు, మా అమ్మతో. మధ్యలో పదకొండేళ్ళ పిల్లను నిలబెట్టి, ఆమెకివ్వాల్సిన జవాబు దానికిచ్చాను. తెలియని మొహాల మధ్య రోజంతా కూర్చోవడానికి తెలిసిన వాసన ఒకటి చేతికి తగలాలి అనుకోవడం కంటే హేతుబద్ధమైనది ఏముంది? ఆ మాట పదకొండేళ్ళ నోటికి అందలేదు. అందించాల్సింది నేను. దాన్ని అడగడం మానేసి పరీక్షించాను.

మొన్న దాని పదో తరగతి పూర్తయింది. ఇంటర్ హాస్టల్లో చేరడానికి అది బట్టలు సర్దుకుంటోంది. గుమ్మంలో నిలబడి, “భయంగా ఉందా? కారణం చెప్పక్కర్లేదు, ఉందో లేదో చెప్పు చాలు” అన్నాను. ఆ మాట నేర్చుకోవడానికి నాకు అయిదేళ్ళు పట్టింది.

“ఏం లేదమ్మా, బానే ఉంది” అంది మర్యాదగా, కొత్తవాళ్ళతో అన్నట్టు.

నేను లోపలికి అడుగు వేయగానే అది బ్యాగు జిప్పు లాగేసింది. లోపల ఏముందో నేను అడగలేదు.