ఒకే నోటి మాట

మా సారు పోయారని మొన్న ఉదయం కాశీబుగ్గ బస్టాండులో ఉండగా ఫోనొచ్చింది. టెక్కలి ఇంజనీరింగ్ కాలేజీలో మాకు కృత్రిమ మేధ చెప్పిన మనిషి. సొంతూరు ఉద్దానంలో, సముద్రానికి దగ్గర. కిడ్నీలు పాడై పోయారు. ఆ ఊళ్లలో ఆ జబ్బు ఎవరికీ వింత కాదు కనుక, ఫోన్ చేసినవాడు కారణం కూడా చెప్పలేదు.

సారు నోరు మంచిది కాదు. తప్పు చెప్పినవాణ్ణి నిలబెట్టి, క్లాసంతా నవ్వేదాకా వదిలేవారు కాదు. ఆయన చెప్పిన పాఠమే ఇవాళ నాకు అన్నం పెడుతోంది. బోర్డు నిండా సున్నాలు చుట్టి, మధ్యలో బాణాలు గీసేవారు. ఒక్కో సున్నా ఒక ఏజెంటు, అంటే సొంతంగా ఆలోచించే చిన్న ప్రోగ్రాము. దేనికీ అంతా తెలియదు. దేన్ని ఎంతవరకు నమ్ముతోందో పక్కదానికి అంకెల్లో చెబుతుంది, పక్కది చెప్పింది విని తన అంకె సవరించుకుంటుంది. ఒకే కబురు నాలుగు దారుల్లో తిరిగొస్తే, దాన్ని నాలుగు సాక్ష్యాలుగా లెక్కేసుకుని అన్నీ కలిసి అబద్ధాన్ని గట్టిగా నమ్మేస్తాయి.

పరీక్ష వాయిదా పడిందని నమ్మి ఒకసారి మా బెంచీ అంతా చదవకుండా వెళ్లాం. ఎవరికెవరు చెప్పారో అడిగి ఆయన బాణాలు గీస్తే, అన్నీ ఒకడి దగ్గరే తేలాయి. “నలుగురు సెప్పినారంటావేటిరా, నోరొక్కటే గదా” అని అందరికీ సున్నా మార్కులేశారు.

డయాలసిస్ మొదలయ్యాక చూడ్డానికి వెళితే, ఆపేశానన్నారు. సుమ్మాదేవి అనే ఊరి దగ్గర ఎవరో వేరుమందు ఇస్తున్నారట. బావమరిది, పక్కింటాయన, కొబ్బరికాయల వ్యాపారి, ముగ్గురూ అది తాగితే తగ్గుతుందన్నారట. ఆ ముగ్గురికీ చెప్పింది మాత్రం పలాసలో జీడిపప్పు పనికెళ్లే ఒకావిడ. తన మొగుడికి తగ్గిందని చెప్పింది. ఆ మొగుడు తర్వాత పోయాడు. ఇదేదీ నేను తవ్వి తీసింది కాదు, సారే చెప్పారు. నాకు ఒళ్లు మండింది. తెలిసీ ఎందుకు తాగుతున్నారని అడిగాను.

“మా అయ్యకీ, మా అన్నకీ ఏటయినాదో సూసినాను. నా లెక్క నాకు తెల్దేటిరా? ఆ లెక్కతోటి బతకలేకపోతన్నాను.”

గ్లాసెత్తి తాగారు. ఆ కోపం నాకింకా తీరలేదు. ఆయన లేరన్న దుఃఖమూ దాంతోనే కలిసిపోయి ఉంది.

మొన్న శవాన్ని తీసుకెళ్లాక, పక్కింటాయన అరుగు మీద ఒకతనితో మాట్లాడుతున్నాడు. అతని పాదాలు వాచిపోయి చెప్పుల్లో పట్టడం లేదు. వేరుమందు పనిచేస్తుందా అని అడుగుతున్నాడు. అది తాగే సారు పోయారని నేను మధ్యలో అన్నాను.

“లేటుగా మొదలెట్టినారు గానీ, సారంతటోరు ఊరికినే తాగుతారేటి?” అన్నాడు పక్కింటాయన.

అతను చెప్పులు చేత్తో పట్టుకుని, సుమ్మాదేవి ఆటో కోసం రోడ్డు మీదికి నడిచాడు.