నాయన కాలికి లేని ఇన్సూరెన్సు

ఫుల్ ఇన్సూరెన్సు అనే మాట వింటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. ధర్మవరంలో మా వీధికి వచ్చే ఏజెంటు ఆ మాట చెప్పే మా కారు ఇన్సూరెన్సు కాగితాల మీద మా అమ్మ చేత సంతకం పెట్టించాడు. "ఫుల్ చేయించినా కదక్కా, ఇంక ఏం జరిగినా మీకు దిగుల్లేదు" అన్నాడు. అమ్మ వాడికి కాఫీ కూడా ఇచ్చింది.

కారు అమ్మ పేరు మీద ఉండేది. నడిపేది నాయన. మగ్గం మీద కొత్త చీర మొదలుపెడితే మొదటి పోగు అమ్మ చేతే వేయించే మనిషి, కారు మాత్రం తన పేరున కొంటాడా? అమ్మకు స్టీరింగు పట్టుకోవడమే రాదు, ఇంక లైసెన్సు మాట దేవుడెరుగు. ఆ సంగతి ఏజెంటుకూ తెలుసు.

హిందూపురంలో దుకాణానికి చీరలు ఇవ్వడానికి పోతూ, పెనుకొండ దాటాక గొర్రెల మంద అడ్డొస్తే తప్పించబోయి నాయన కల్వర్టు గోడను గుద్దాడు. గొర్రెలకేమీ కాలేదు. నాయనకు కుడికాలు మోకాలి కింద తీసేశారు. గుంతమగ్గంలో కాళ్లతో తొక్కితేనే నేత సాగుతుంది. ఇక నేయలేనని తెలిసి, ఇన్సూరెన్సు డబ్బుతో చిన్న చీరల కొట్టు పెట్టుకుంటానని ఆసుపత్రి మంచం మీదే అనుకున్నాడు పాపం.

హిందూపురం ఇన్సూరెన్సు ఆఫీసుకు నేను పోయాను. అక్కడి అధికారి కాగితాలు చూసి ఓపిగ్గానే చెప్పాడు. ఆ ఓపిక చూస్తే నాకు ఇంకా కోపమొచ్చింది.

"థర్డ్ పార్టీ అంటే మీ కారు వల్ల ఎదుటోళ్లకు దెబ్బ తగిలితే వాళ్లకిచ్చేదమ్మా. ఈడ ఎదుటోళ్లే లేరు. ఓన్ డ్యామేజీ మీ కారుకు. అది వస్తాది. జీరో డెప్ గూడా ఉండాది, ప్లాస్టిక్ సామానుకూ తరుగు పట్టరు."

"మరి మనిషికి?" అన్నాను.

"అది వేరే ఉండాది. కానీ ఓనరు లైసెన్సు పెట్టుకొని, తానే నడుపుతా ఉంటేనే వస్తాది. ఓనరు మీ అమ్మ గదా."

"మా అమ్మకు లైసెన్సే లేదు. మరి దానికి దుడ్లెందుకు కట్టించుకున్నారప్పా?"

"అది మీ ఏజెంటునే అడగాల."

అడిగాను. "అందరికీ అట్లే రాస్తామమ్మా, ఎవురూ అడగరు" అన్నాడు ఏజెంటు. సిగ్గూ ఎగ్గూ లేదు. ఇంకోసారి మా గడప తొక్కితే మర్యాద దక్కదన్నాను. సరేనని పక్కింటికి పోయాడు.

కారు మాత్రం మెరుస్తూ ఇంటికొచ్చింది. బంపరు కొత్తది, లైట్లు కొత్తవి, తలుపు కొత్తది. నాయన చంకకర్రలతో దాని చుట్టూ తిరిగాడు. గుద్దుకున్న వైపు వంగి, చేత్తో తడిమి చూశాడు.

"యాడా గీత గూడా లేదే. బాగా చేసినారు" అన్నాడు.

ఎగతాళికి అనలేదు, నిజంగానే మెచ్చుకున్నాడు. నాకు ఆ కారుకు నిప్పు పెట్టాలనిపించింది.